వందకు పైగా ఓటములు: జట్టు పునర్నిర్మాణం నిజమైనదో కాదో ఎలా గుర్తించాలి?

మీ అబ్బాయి అభిమానించే షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు 2023లో 101, 2024లో 121, 2025లో 102 మ్యాచ్‌లు ఓడిపోయిందని, యాజమాన్యం దీనిని పునర్నిర్మాణం అంటోందని, ఇంతగా ఓడితేనే జట్టు బాగుపడుతుందన్న మాటలో నిజమెంతో తెలియడం లేదని మీరు రాశారు. ఎన్నేళ్లు ఓపిక పట్టాలి, వచ్చే ఏడాదికి సీజన్ టికెట్లు కొనాలా వద్దా అని కూడా అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. ఓటమి దానంతటది ఏ జట్టునూ బాగుచేయదు. ఓడిపోతున్న ఆ ఏడాదిలో మైదానంలోని ఇన్నింగ్స్ ఎవరికి ఇస్తున్నారు, కింది స్థాయి జట్లలో కుర్రాళ్లకు ఏం నేర్పుతున్నారు అన్న రెండింటి మీదే భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. పడావు పెట్టిన చేను, దుక్కి చేసిన చేను దూరం నుంచి చూసేవారికి ఒకే విధంగా బోడిగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి మట్టి చూస్తేగాని తేడా తెలియదు. 2024 నాటి వైట్ సాక్స్ చాలావరకు పడావు చేనే. 2025లో మాత్రం దుక్కి ఆనవాళ్లు కనిపించాయి. ఎందుకలా అంటున్నానో కింద వివరిస్తాను.

నేను హ్యూస్టన్‌లో స్థిరపడిన వాణ్ణి. అక్కడి ఆస్ట్రోస్ జట్టు వరుసగా మూడేళ్లు వందకు పైగా ఓడిన కాలాన్ని అభిమానిగా దగ్గరి నుంచి చూశాను. ఆ తరువాత కొన్నేళ్లు వేరొక క్లబ్బులో ఆటగాళ్ల శిక్షణ విభాగానికి గణాంకాలు విశ్లేషించే పని చేశాను. రాత్రి వేర్వేరు ఊళ్లలో జరిగిన మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) మ్యాచ్‌ల నివేదికలు ఉదయాన్నే చదివి, ఎవరిలో ఏం మారిందో కోచ్‌లకు రాసి పంపడం నా ఉద్యోగం. కాబట్టి ఈ విషయాన్ని స్టేడియంలోని కుర్చీ నుంచీ, ఆఫీసు బల్ల ముందు నుంచీ రెండు వైపులా చూసిన అనుభవంతో రాస్తున్నాను.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఈ అంకెలు మొదట భయంకరంగా అనిపిస్తాయి. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఛాంపియన్లు కూడా అరవై మ్యాచ్‌ల వరకు ఓడతారు, అట్టడుగు జట్టు కూడా సాధారణంగా అరవైకి అటూ ఇటూగా గెలుస్తుంది. అందువల్ల వంద ఓటములంటే బలహీనమైన జట్టు అని అర్థమే గాని విడ్డూరం కాదు. 121 ఓటములు మాత్రం నిస్సందేహంగా విడ్డూరం. 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ 120 ఓడి నెలకొల్పిన ఆధునిక కాలపు రికార్డును 2024 వైట్ సాక్స్ దాటింది. ఆ వేసవిలో వరుసగా 21 మ్యాచ్‌లు ఓడి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ రికార్డును సమం చేసింది. దురదృష్టం వల్ల ఇలా జరిగిందని కొందరు అంటారు గాని, ఆ ఏడాది వారు చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. పరుగుల తేడాను బట్టి గెలుపులను అంచనా వేసే సూత్రం ప్రకారం చూసినా వారికి దాదాపు 45 నుంచి 48 గెలుపులే రావాలి. వచ్చినవి 41. అంటే దురదృష్టం వాటా నాలుగైదు మ్యాచ్‌లు, మహా అయితే ఏడు.

అసలు ఏ యాజమాన్యమైనా తెలిసి తెలిసి ఇటువంటి దారి ఎందుకు ఎంచుకుంటుంది? దీనికి మూలం జీతాల ఒప్పందంలో ఉంది. మేజర్ లీగ్‌కు వచ్చిన కుర్రాడి మీద ఆ జట్టుకు ఆరు సీజన్ల హక్కు ఉంటుంది. మొదటి మూడేళ్లు అతనికి దాదాపు కనీస వేతనమే దక్కుతుంది, తరువాత మధ్యవర్తిత్వం ద్వారా జీతం పెరుగుతుంది, ఆరేళ్ల సర్వీసు నిండాక నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు. టైటిల్ గెలిచే అవకాశం లేని జట్టులో ఒక గొప్ప ఆటగాడు ఉంటే, అతని మంచి సంవత్సరాలు డెబ్బై అయిదు గెలుపుల సీజన్లలోనే కరిగిపోతాయి. అదే ఆటగాడిని టైటిల్ కోసం పోరాడుతున్న జట్టుకు ఇస్తే, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న ముగ్గురు నలుగురు కుర్రాళ్లు వస్తారు. 2016 డిసెంబరులో వైట్ సాక్స్ తన పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి యోవాన్ మొన్కాడా, మైకేల్ కోపెక్ తదితరులను తెచ్చుకున్నదీ, 2024 డిసెంబరులో మరో పిచ్చర్ గ్యారెట్ క్రోషేను అదే బోస్టన్‌కు ఇచ్చి నలుగురిని తెచ్చుకున్నదీ ఈ లెక్కతోనే. లెక్కలో తప్పు లేదు. వచ్చిన కుర్రాళ్లను ఏం చేస్తారన్నదే ప్రశ్న.

ఎక్కువగా ఓడితే, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దొరుకుతుంది, దానితో జట్టు మారిపోతుంది అన్నది బాగా ప్రచారంలో ఉన్న నమ్మకం. హ్యూస్టన్ ఉదాహరణనే చాలామంది చూపిస్తారు కాబట్టి దానినే పరిశీలిద్దాం. ఆస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఓడింది. ఫలితంగా 2012, 2013, 2014 డ్రాఫ్ట్‌లలో వరుసగా మొదటి ఎంపిక దక్కింది. 2012లో ప్యూర్టో రికో కుర్రాడు కార్లోస్ కొరియాను తీసుకున్నారు, అతడు గొప్ప షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అయ్యాడు. 2013లో పిచ్చర్ మార్క్ అపెల్‌ను తీసుకున్నారు. అతడు హ్యూస్టన్ తరఫున ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ డ్రాఫ్ట్‌లో తరువాతి ఎంపికగా షికాగో కబ్స్ తీసుకున్న క్రిస్ బ్రయంట్ 2016లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు. 2014లో తీసుకున్న బ్రేడీ ఐకెన్‌తో మోచేతి పరీక్షల తరువాత ఒప్పందమే కుదరలేదు. మూడు మొదటి ఎంపికలలో నేరుగా ఫలించింది ఒక్కటి. ఐకెన్ చేజారినందుకు పరిహారంగా 2015లో దొరికిన రెండో ఎంపికతో అలెక్స్ బ్రెగ్‌మన్ రావడం మాత్రం వారి అదృష్టమనే చెప్పాలి.

కొరియా విషయంలో ఇంకో తెలివైన పని జరిగింది. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన నియమాల ప్రకారం ప్రతి జట్టుకు డ్రాఫ్ట్ బోనస్‌ల కోసం ఒక మొత్తం పరిమితి ఉంటుంది. మొదటి ఎంపికకు కేటాయించిన 72 లక్షల డాలర్లకు బదులు కొరియా 48 లక్షలకు ఒప్పుకోవడంతో, మిగిలిన సొమ్ముతో ఖరీదెక్కువని ఇతర జట్లు వదిలేసిన లాన్స్ మెకల్లర్స్‌ను 41వ ఎంపికగా తీసుకుని ఒప్పించగలిగారు. హ్యూస్టన్ టైటిల్ గెలిచిన 2017 ప్రపంచ సిరీస్ (ఛాంపియన్‌ను తేల్చే చివరి పోటీ) ఏడో మ్యాచ్‌ను ఆరంభించిన పిచ్చర్ అతడే. ఎంపిక స్థానం కన్నా దానిని వాడుకున్న విధానానికే ఇక్కడ మార్కులు వేయాలి.

పైగా ఇప్పుడు ఆ దారి అంత నేరుగా లేదు. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు ఎంపికలకు లాటరీ తీస్తున్నారు. ఆదాయ పంపిణీలో సొమ్ము అందుకోని పెద్ద నగరాల జట్లకు ఒక ఏడాది లాటరీ ఎంపిక దక్కితే మరుసటి ఏడాది దక్కదు. 2024లో వైట్ సాక్స్‌కు అది దక్కింది. అందుకే 121 మ్యాచ్‌లు ఓడిన వైట్ సాక్స్‌కు 2025 డ్రాఫ్ట్‌లో పదో ఎంపిక మాత్రమే దొరికింది. ఈ ఒక్క సంగతి చాలు, కావాలని ఓడి లాభపడుతున్నారన్న వాదన ఆ ఏడాదికి నిలబడదని చెప్పడానికి.

మరి హ్యూస్టన్ ఎలా బాగుపడింది? నా దృష్టిలో అసలు జవాబు 2013 జట్టులోనే ఉంది. ఆ ఏడాది ప్రారంభంలో వారి మొత్తం జీతాల ఖర్చు సుమారు 2.6 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ ఒక్కడి జీతమే అంతకు మించి ఉండేది. సీజన్‌లోని చివరి 15 మ్యాచ్‌లూ ఓడిపోయారు. కానీ ఆ జట్టులో రోజూ రెండో బేస్ దగ్గర నిలబడిన హోసే అల్టూవేను 2007లో వెనిజులా నుంచి 15 వేల డాలర్లకు తీసుకున్నారు. పిచ్చర్ డాలస్ కైకెల్ 2009 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ ఎంపిక. ఇద్దరూ కొత్త యాజమాన్యం రాకముందు నుంచే ఉన్నవారు. 2013లో కైకెల్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 5.15 పరుగులు ఇచ్చాడు. గెలవాలన్న ఒత్తిడి ఉన్న ఏ జట్టయినా అతణ్ణి జూన్‌లోనే కింది స్థాయికి పంపేది. హ్యూస్టన్ అతనికి ఆ ఏడాది నూట యాభైకి పైగా ఇన్నింగ్స్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ సగటు 2.93కు, 2015లో 2.48కి తగ్గింది, 2015లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం అతనికే దక్కింది. అల్టూవే 2014లో 225 హిట్లతో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు.

కాలిన్ మెక్‌హ్యూ కథ నాకు ఇంకా ఇష్టం. కొలరాడో జట్టు వదిలేసిన ఈ పిచ్చర్‌ను 2013 డిసెంబరులో హ్యూస్టన్ ఏ ప్రతిఫలమూ ఇవ్వకుండా తీసుకుంది. అతని కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) అసాధారణమైన వేగంతో తిరుగుతోందని కొలతలు చూసి గమనించి, సింకర్ (కిందికి దిగే ఫాస్ట్‌బాల్) తగ్గించి కర్వ్‌బాల్ పెంచమని చెప్పారు. 2015లో అతడు 19 మ్యాచ్‌లు గెలిచాడు. ఓడిపోతున్న జట్టు దగ్గర అందరికన్నా ఎక్కువగా ఉండే ఆస్తి ఇదే: ఇతరులు వదిలేసిన మనిషిని తెచ్చి, ఆశించిన ఫలితం వచ్చేవరకు ఓపికగా ఆడించగల వెసులుబాటు.

ఆ వెసులుబాటును చేజార్చుకున్న ఉదాహరణ కూడా అదే జట్టులో ఉంది. జె.డి. మార్టినెజ్ 2013 తరువాతి శీతాకాలంలో తన బ్యాట్ ఊపును పూర్తిగా మార్చుకుని, ఒక్క అవకాశం ఇవ్వమని అడిగాడు. 2014 మార్చిలోని సన్నాహక మ్యాచ్‌లలో అతనికి దొరికినవి 18 బ్యాటింగ్ ప్రయత్నాలు. ఆ తరువాత విడుదల చేశారు. డెట్రాయిట్ తీసుకుంటే ఆ ఏడాదే .315 సగటుతో 23 హోమ్ రన్లు కొట్టాడు, 2017లో 45 కొట్టాడు. 111 మ్యాచ్‌లు ఓడిన జట్టుకు మార్టినెజ్‌ను రెండు నెలలు ఆడించి చూడటం వల్ల పోయేదేమీ లేదు. పునర్నిర్మాణ సంవత్సరంలో ఇంతకన్నా ఖరీదైన పొరపాటు ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కింది స్థాయిల సంగతి. ఈ విషయం టీవీలో కనబడదు కాబట్టి కొంచెం విపులంగా చెప్పాలి. సింగిల్ ఎ మొదలు ట్రిపుల్ ఎ వరకు ప్రతి క్లబ్బుకూ నాలుగు మెట్లు ఉంటాయి, వాటికి దిగువన కొత్తవారి శిబిరాలు ఉంటాయి. నేను పనిచేసిన క్లబ్బులో సింగిల్ ఎ స్థాయిలో ఒక యువ పిచ్చర్ ఉండేవాడు. అతని ఫాస్ట్‌బాల్ అక్కడి బ్యాటర్లకు అందేది కాదు. దానితోనే అందరినీ ఔట్ చేయగలిగేవాడు. అయితే పై స్థాయిలో ఒక్క బంతితో బతకలేడని తెలిసిన కోచ్, ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ఇన్ని ఛేంజప్‌లు (ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతులు) వేసి తీరాలని నియమం పెట్టాడు. కుర్రాడు దెబ్బలు తిన్నాడు, జట్టు మ్యాచ్‌లు ఓడింది, అతని గణాంకాలు చూసిన అభిమానులు వీడు పనికిరాడని రాశారు. నా నివేదికల్లో మాత్రం అతని ఛేంజప్ వారం వారం కిందికి దిగుతూ, ఫాస్ట్‌బాల్‌తో వేగంలో తేడా పెరుగుతూ వచ్చింది. రెండేళ్లకు అతడు రెండు మెట్లు ఎక్కాడు. దీనికి పూర్తి విరుద్ధంగా, ఓటములతో విసిగిన అభిమానులను ఊరడించడానికి మరొక కుర్రాణ్ణి డబుల్ ఎ నుంచి నేరుగా మేజర్ లీగ్‌కు తెచ్చిన సందర్భమూ చూశాను. వేగంగా వంపు తిరిగే బంతులను ఆడటం అతనికి ఇంకా పట్టుబడలేదు. రెండు నెలల్లో తిరిగి కిందికి పంపారు. కోలుకోవడానికి అతనికి చాలాకాలం పట్టింది. ఎవరిని ఎప్పుడు పైకి తెస్తున్నారో గమనించండి. తొందర కనిపిస్తే అక్కడ ప్రణాళిక లేదని అర్థం.

మీ జట్టు విషయానికి వస్తే, వైట్ సాక్స్‌కు ఇది రెండో పునర్నిర్మాణం. మొదటిది 2016లో ఆరంభమైంది. 2018లో 100 ఓడారు. ఆ ఏడాది పిచ్చర్ ల్యూకాస్ జియోలిటో తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 6.13, అయినా అతణ్ణి ఆడించారు. 2019లో అది 3.41కి తగ్గి ఆల్‌స్టార్ అయ్యాడు, 2020లో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. 2021లో 93 గెలిచి తమ డివిజన్ (అయిదు జట్ల గ్రూపు) నెగ్గారు. అంతవరకు పాఠ్యపుస్తకంలా సాగింది. ఆ తరువాతే కూలింది. ముఖ్యమైన ఆటగాళ్లు తరచుగా గాయపడ్డారు, వారి స్థానంలో నిలబడగలిగినవారు కింది జట్లలో లేరు. 2022లో 81 గెలుపులు, 2023లో 61. వరుస చూస్తే 2024 పతనం 2021లోనే మొదలైందని అర్థమవుతుంది. మొదటి తరం పైకి రాగానే పని పూర్తయిందని భావించి, రెండో తరాన్ని సిద్ధం చేయలేదు.

ఇటువంటి ప్రమాదం అందరికీ ఉంది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ 1993 నుంచి 2012 వరకు వరుసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ చూసింది. ఆ ఇరవై ఏళ్లలో యాజమాన్యాలు మారిన ప్రతిసారీ అభిమానులకు వినిపించింది పునర్నిర్మాణమన్న మాటే. బాల్టిమోర్ ఓరియోల్స్ 2018లో 115, 2021లో 110 ఓడి, హ్యూస్టన్ నుంచి వచ్చిన మైక్ ఇలియాస్ నాయకత్వంలో 2023లో 101 గెలిచింది. కానీ ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశలో) ఒక్క మ్యాచ్ కూడా నెగ్గలేదు, 2025లో మళ్లీ 87 ఓడింది. కాబట్టి "ఎన్నేళ్లు" అన్న మీ ప్రశ్నకు హామీతో కూడిన అంకె ఎవరూ ఇవ్వలేరు. హ్యూస్టన్‌కు మొదటి వంద ఓటముల నుంచి ప్లేఆఫ్స్‌కు చేరడానికి నాలుగేళ్లు, బాల్టిమోర్‌కు అయిదేళ్లు పట్టింది. పని బాగా సాగినా నాలుగైదేళ్లకు తక్కువ పట్టదని అనుకోవడం మంచిది.

హ్యూస్టన్‌ను ఆదర్శంగా చూపినప్పుడు చెప్పక తప్పని విషయం మరొకటి ఉంది. 2017లో వారు తరువాత ఏ రకం బంతి వేయాలో ప్రత్యర్థి క్యాచర్ చేసే సైగలను కెమెరాతో దొంగచాటుగా చూసి బ్యాటర్లకు చేరవేశారని 2020 జనవరిలో లీగ్ విచారణ నిర్ధారించింది. జనరల్ మేనేజర్ జెఫ్ లూనో, మేనేజర్ ఎ.జె. హించ్ ఏడాది పాటు సస్పెండై ఉద్యోగాలు కోల్పోయారు, క్లబ్బు 50 లక్షల డాలర్ల జరిమానా, నాలుగు డ్రాఫ్ట్ ఎంపికలు పోగొట్టుకుంది. ఆ నగరవాసిగా నాకు ఇది బాధ కలిగించిన విషయం. కైకెల్, అల్టూవే 2014, 2015ల్లో ఎదిగిన తీరు ఆ మోసానికి ముందటిదే గనుక శిక్షణ గురించి చెప్పిన మాటలను వెనక్కి తీసుకోను. 2017 టైటిల్‌ను మాత్రం పునర్నిర్మాణానికి దక్కిన నికార్సయిన ఫలంగా ఎవరికీ చూపించను.

అభిమానుల పట్ల న్యాయం గురించి కూడా ఒక మాట. హ్యూస్టన్‌లో 2004 సీజన్‌కు 30 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చారు, 2013లో వచ్చింది దాదాపు 16.5 లక్షలు. ఆ సెప్టెంబరులో ఒక ఆదివారం మ్యాచ్‌కు స్థానిక టీవీ రేటింగ్ 0.0గా నమోదైంది. అలా వెళ్లిపోయినవారిని నేను తప్పుపట్టను. అదే సమయంలో మైదానంలోని ఆటగాళ్లు కావాలని ఓడుతున్నారని మాత్రం దయచేసి మీ అబ్బాయికి చెప్పకండి. ఓడిపోయే జట్టును ఆఫీసు తయారు చేయవచ్చు గాని ఆటగాడెవరూ ఓడిపోవడానికి ఆడడు. మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు ఉంటే పింఛను హక్కు వస్తుంది. వంద ఓడిన జట్టులో సెప్టెంబరు రాత్రి ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వచ్చిన ముప్ఫై ఏళ్ల పిచ్చర్‌కు ఆ కొద్ది రోజులే కుటుంబ జీవితమంత విలువైనవి. అటువంటివారితో కలిసి పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు 2025లో నాకు కనిపించిన ఆనవాళ్లు. 2021 డ్రాఫ్ట్‌లో తీసుకున్న షార్ట్‌స్టాప్ కోల్సన్ మాంట్‌గమెరీ జూలైలో పైకి వచ్చి 71 మ్యాచ్‌లలో 21 హోమ్ రన్లు కొట్టాడు. క్రోషేకు బదులుగా వచ్చిన కైల్ టీల్, చేస్ మీడ్రాత్ ఆ ఏడాదే మేజర్ లీగ్‌లో క్రమం తప్పకుండా ఆడారు. క్రోషే కూడా ఒకప్పుడు రిలీఫ్ పిచ్చరే (మ్యాచ్ మధ్యలో వచ్చి బంతి వేసేవాడు). 2024లో ఓడిపోతున్న జట్టు అతణ్ణి ఆరంభ పిచ్చర్‌గా మార్చి చూసింది కాబట్టే, 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైక్ ఔట్ చేసి అంత విలువైనవాడయ్యాడు. మిల్వాకీ వద్ద నుంచి రూల్ 5 (ఇతర జట్లు తమ ప్రధాన జాబితాలో పెట్టుకోని మైనర్ లీగ్ ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ద్వారా తెచ్చుకున్న పిచ్చర్ షేన్ స్మిత్ తొలి సీజన్‌లోనే ఆల్‌స్టార్‌కు ఎంపికయ్యాడు. ఇది నాకు మెక్‌హ్యూను గుర్తు చేసిన విషయం. చేసిన, ఇచ్చిన పరుగుల మధ్య తేడా కూడా 2024తో పోలిస్తే చాలా తగ్గింది. పై జట్టు 121 ఓడిన 2024లోనే వారి డబుల్ ఎ జట్టు బర్మింగ్‌హామ్ బేరన్స్ సదరన్ లీగ్ టైటిల్ గెలిచింది. మైనర్ లీగ్ టైటిల్‌కు నేను పెద్ద విలువ ఇవ్వను, కానీ ఆ జట్టులో ఆడినవారు పిన్న వయస్కులు కావడం మంచి సూచనే. మొదటి పునర్నిర్మాణం కూలింది వెనుక వరుస లేకపోవడం వల్ల కనుక, వీరి వెనుక ఇంకో వరుస తయారవుతోందా అన్నదే రాబోయే రెండేళ్లలో చూడవలసిన విషయం.

టికెట్ల గురించి అడిగారు కాబట్టి నా సలహా ఇది. సీజన్ మొత్తానికి కొనకండి. జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు దాటేవరకు ఆగండి. అనుభవం ఉన్నవారిని ఇచ్చేసి కుర్రాళ్లకు చోటు చేస్తున్నారో లేదో అప్పటికి తేలిపోతుంది. సెప్టెంబరు 1 నుంచి జట్టులో 26 మందికి బదులు 28 మందిని ఉంచవచ్చు గనుక కొత్త ముఖాలు వస్తాయి, స్టేడియంలో జనం పలచబడి వారం మధ్య రోజుల్లో మంచి సీట్లు చవకగా దొరుకుతాయి. ఈలోగా మీ అబ్బాయిని బర్మింగ్‌హామ్, షార్లెట్ (వైట్ సాక్స్ ట్రిపుల్ ఎ) జట్ల స్కోర్లు రోజూ చూసి, ఇరవై రెండేళ్ల లోపు వారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఆ పేర్లలో ఎవరైనా సెప్టెంబరులో షికాగోకు వస్తే, అతడు మొదటిసారి బ్యాట్ పట్టే రోజుకు ఇద్దరికీ టికెట్లు తీసుకోండి.